తాను పిలిచిన లీగులో తాను మిగలని రెంటన్

స్మారకోపన్యాసాలు సాధారణంగా గతించిన పెద్దల పేరిట జరుగుతాయి. ఈ ఉపన్యాసం ఒక ఫుట్‌బాల్ క్లబ్బును స్మరిస్తుంది. స్కాట్లండ్ పశ్చిమాన డన్బార్టన్‌షైర్ ప్రాంతంలో, సుమారు ఐదు వేల జనాభా గల రెంటన్ అనే అద్దకపు పనివారల ఊరిలో 1872లో పుట్టిన ఆ క్లబ్బు 1888లో ప్రపంచ విజేతనని ప్రకటించుకొని, 1890లో స్కాటిష్ లీగు ఏర్పాటుకు తొలి పిలుపునిచ్చి, ఆ లీగులో ఎనిమిదేళ్ళయినా నిలదొక్కుకోలేక, చివరకు 1922లో మూతబడింది. స్కాటిష్ ఫుట్‌బాల్ చరిత్ర అనగానే గ్లాస్గో నగరంలోని సెల్టిక్, రేంజర్స్ అనే రెండు పెద్ద క్లబ్బుల చరిత్రే గుర్తుకు వచ్చే పరిస్థితి స్థిరపడ్డాక రెంటన్ పేరు గ్రంథాల్లో ఒక వింత విశేషంగా మిగిలింది. ఆ క్లబ్బు తన తప్పిదాల వల్లనే చెడిపోయిందనే అభిప్రాయం కూడా చాలాకాలం చెల్లుబాటయింది. ఈ అభిప్రాయం న్యాయమైనది కాదు. రెంటన్ పతనానికి కారణాలను మైదానంలో వెతకడం కన్నా, ఆట అంగడి సరుకుగా మారినప్పుడు నైపుణ్యం ఎక్కడ పుడుతుంది, దాని మీద వచ్చే రాబడి ఎక్కడికి చేరుతుంది అన్న ప్రశ్నలో వెతకడం సముచితం.

ముందుగా ఆ ఊరి స్వరూపం తెలియాలి. లోమండ్ సరస్సు దక్షిణపు కొసన బలోక్ వద్ద బయలుదేరే లెవెన్ నది కొద్ది మైళ్ళు మాత్రమే ప్రవహించి డన్బార్టన్ వద్ద క్లైడ్ నదిలో కలుస్తుంది. లవణాలు తక్కువగా ఉండే ఆ మెత్తని నీరు బట్టల చలువకూ అద్దకానికీ అనువైనది కావడంతో పద్దెనిమిదో శతాబ్దంలోనే ఒడ్డు పొడవునా చలువ మైదానాలు, తర్వాత అద్దకపు కర్మాగారాలు వెలిశాయి. నవలాకారుడు టోబయస్ స్మాలెట్ 1721లో పుట్టిన డాల్‌కర్న్ ఎస్టేటు ఈ లోయలోనిదే. ఆయన కుటుంబం వారే 1782లో పనివారి నివాసం కోసం రెంటన్‌ను ఒక పద్ధతి ప్రకారం కట్టించి, ఆ ఇంటి కోడలి పుట్టింటి పేరును ఊరికి పెట్టారు. దానికి ఎగువన కొద్ది దూరంలో అలెగ్జాండ్రియా, దిగువన నది కలిసే చోట ఓడల నిర్మాణానికి పేరుపడిన డన్బార్టన్ ఉన్నాయి.

పందొమ్మిదో శతాబ్దంలో ఈ లోయకు జీవనాధారం టర్కీ రెడ్. ఎండకూ ఉతుకుకూ వెలవని పక్కా ఎరుపును నూలుకు పట్టించే అద్దకపు పద్ధతికి ఐరోపాలో స్థిరపడిన పేరు ఇది. నూలును ముక్కిన నూనె, సోడా, పశువుల పేడ కలిపిన నీళ్ళలో మళ్ళీ మళ్ళీ నానబెట్టి ఆరబెట్టడం, మాచికాయ కషాయంలో ముంచడం, పటిక పట్టించడం, మంజిష్ఠ జాతికే చెందిన మాడర్ వేరుతో, కొన్నిచోట్ల పశురక్తం కూడా కలిపి, ఉడకబెట్టడం, చివర సబ్బుతోనూ తగరపు లవణాలతోనూ రంగుకు మెరుగు తేవడం ఇందులోని దశలు. పాత పద్ధతిలో ఇదంతా పూర్తి కావడానికి వారాలు పట్టేది. ఈ పని తీరు తెలుగువారికి పూర్తిగా కొత్తదేమీ కాదు. మచిలీపట్నం పరిసరాల్లో కరక్కాయ, పాలు, పటిక, చిరివేరుతో సాగిన అద్దకం కూడా వెలవని ఎరుపునే సాధించింది, ఆ బట్ట శతాబ్దాల పాటు ఐరోపాకు ఎగుమతి అయింది. పందొమ్మిదో శతాబ్దానికి ఆ దారి తిరగబడి, లెవెన్ లోయలో తయారైన ఎర్రబట్టలకూ ఎర్రనూలుకూ భారతదేశమే పెద్ద బజారుగా మారింది. ఇక్కడి కొనుగోలుదారుల అభిరుచికి తగినట్టు నెమళ్ళు, తీగలు, పువ్వులు అచ్చువేసిన ఆ కాలపు నమూనా పుస్తకాలు స్కాట్లండ్ జాతీయ వస్తుప్రదర్శనశాలల్లో నేటికీ భద్రంగా ఉన్నాయి. జర్మన్ రసాయన శాస్త్రజ్ఞులు గ్రేబే, లీబర్మన్ మాడర్ వేరులోని రంగు పదార్థమైన అలిజరిన్‌ను 1868లో కృత్రిమంగా తయారుచేశాక అక్కడ మాడర్ వేరూ ఇక్కడ చిరివేరూ క్రమంగా వెనకబడ్డాయి. రెంటన్ క్రీడాకారులు ఏ పని చేసి పొట్ట పోసుకున్నారో, ఆ పనికి తెలుగు తీరంతో ఉన్న సంబంధం ఇది.

ఈ లోయకు ఫుట్‌బాల్ వచ్చిన సంవత్సరం 1872. అంతవరకు ఇక్కడి యువకులు ఆడిన ఆట షింటీ, అంటే ఉత్తర స్కాట్లండ్ కొండసీమల నుంచి పనికోసం దిగివచ్చినవారు వెంట తెచ్చుకున్న, వంపు కర్రలతో బంతిని కొట్టే పోటీ. గ్లాస్గోకు చెందిన క్వీన్స్ పార్క్ స్కాట్లండ్‌లో తొలి క్లబ్బు, అన్నింటికీ గురుస్థానం వహించిన క్లబ్బు. దాని సభ్యులు అలెగ్జాండ్రియాకు వచ్చి కొత్త ఆట నియమాలను చూపించగా, షింటీలో ఆరితేరినవారు వేల్ ఆఫ్ లెవెన్ అనే క్లబ్బును ఏర్పరచుకున్నారు. అదే ఏడాది రెంటన్, డన్బార్టన్ క్లబ్బులు కూడా అవతరించాయి. అప్పటికి ఇంగ్లండ్‌లో ఆట ప్రధానంగా ఒక్కడే బంతిని కాలి దగ్గర ఉంచుకొని వీలైనంత దూరం దూసుకుపోయే పద్ధతిలో సాగుతుండగా, స్కాట్లండ్‌లో బంతిని తోటివాడికి అందిస్తూ ముందుకు నడిపించే పద్ధతి, అంటే నేడు ప్రపంచమంతా ఫుట్‌బాల్‌గా గుర్తించే ఆట, పెంపొందింది. ఒకే కర్మాగారంలో పనిచేసి, ఒకే వీధిలో కాపురముండి, శనివారం మధ్యాహ్నం పని గంటలు ముగియగానే ఒకే మైదానానికి చేరే యువకులకు ఈ పద్ధతి సహజంగానే అబ్బింది.

ఫలితం త్వరలోనే కనబడింది. 1873లో మొదలైన స్కాటిష్ కప్పులో తొలి మూడేళ్ళూ క్వీన్స్ పార్క్ గెలిచింది. 1876 డిసెంబరులో ఆ క్లబ్బును ఓడించి, స్కాట్లండ్‌లో దానికి తొలి ఓటమి రుచి చూపింది వేల్ ఆఫ్ లెవెన్. ఆ క్లబ్బే 1877, 1878, 1879 సంవత్సరాల్లో వరసగా కప్పు గెలవడమే గాక, 1878లో లండన్ వెళ్ళి ఇంగ్లండ్ కప్పు విజేత వాండరర్స్‌ను 3-1 తేడాతో ఓడించి వచ్చింది. 1883లో డన్బార్టన్, 1885, 1888లలో రెంటన్ కప్పు గెలుచుకున్నాయి. అంటే 1877 నుంచి 1888 వరకు జరిగిన పన్నెండు పోటీల్లో ఆరు కప్పులు ఒకే లోయకు చెందిన మూడు ఊళ్ళకు దక్కగా, ఐదు క్వీన్స్ పార్క్‌కూ, ఒకటి ఎడింబరోకు చెందిన హిబర్నియన్‌కూ చేరాయి. నేడు స్కాటిష్ ఫుట్‌బాల్‌కు మారుపేర్లుగా చలామణీ అవుతున్న రెండు గ్లాస్గో క్లబ్బులకు ఆ పన్నెండేళ్ళలో ఒక్క కప్పు కూడా దక్కలేదు. 1885 ఫైనల్ అయితే పక్కపక్క ఊళ్ళయిన రెంటన్, వేల్ ఆఫ్ లెవెన్‌ల మధ్యనే జరిగింది. మొదటి ఆట గోలు లేకుండా ముగియగా, రెండో ఆటలో రెంటన్ 3-1 తేడాతో నెగ్గింది.

రెంటన్ శిఖరారోహణ 1886 నుంచి 1888 వరకు సాగింది. స్కాటిష్ క్లబ్బులకు కూడా ఇంగ్లండ్ కప్పులో ప్రవేశమున్న ఆ రోజుల్లో, అంతకు ముందు మూడేళ్ళు వరసగా ఆ కప్పును గెలిచిన బ్లాక్‌బర్న్ రోవర్స్‌ను 1886-87 పోటీలో రెంటన్ మళ్ళీ ఆడిన ఆటలో ఓడించి ఇంటికి పంపింది. 1887లో స్కాటిష్ ఫుట్‌బాల్ సంఘం తన క్లబ్బులను ఇంగ్లండ్ కప్పులో ఆడకుండా నిషేధించడంతో ఆ దారి మూసుకుపోయింది. 1888 ఫిబ్రవరి 4న జరిగిన స్కాటిష్ కప్పు ఫైనల్లో కేంబస్లాంగ్ క్లబ్బు మీద రెంటన్ సాధించిన 6-1 విజయాన్ని మించిన తేడా ఆ ఫైనల్ చరిత్రలో ఇంతవరకు నమోదు కాలేదు. 1972లో సెల్టిక్ క్లబ్బు దానిని సమం మాత్రం చేసింది.

ఈ జట్టు బలం దాని నడిమి వరసలో ఉంది. కెల్సో, కెల్లీ, మకెక్నీ అనే ముగ్గురు ఆ వరసలో ఆడేవారు. అందులో నడిమివాడైన జేమ్స్ కెల్లీ ఆపద వేళ వెనక్కి వచ్చి రక్షణకు నిలిచి, బంతి చిక్కగానే ముందుకు కదిలి, ఎటువైపు ఖాళీ ఉంటే అటు పాసు అందించేవాడు. జట్టు మొత్తానికి ఇరుసు వంటి ఈ స్థానాన్ని తర్వాతి కాలంలో సెంటర్ హాఫ్ అన్నారు. దానికి తొలి నమూనాగా కెల్లీని ఎంచేవారు ఉన్నారు, అది అతిశయోక్తి అనిపించదు. వ్యాయామం, ఆహారం విషయంలోనూ రెంటన్ శ్రద్ధ ప్రసిద్ధమే. క్రీడాకారులకు ప్రత్యేకంగా పట్టించే ‘కోడి రసం’ అనే పానీయమే వారి బలరహస్యమని జనం చెప్పుకునేవారు.

1888 మే 19న గ్లాస్గోలోని హాంప్‌డెన్ పార్కులో స్కాటిష్ కప్పు విజేత రెంటన్, ఇంగ్లండ్ కప్పు విజేత వెస్ట్ బ్రామిచ్ ఆల్బియన్ తలపడ్డాయి. ఉరుములు మెరుపులతో కుండపోత వాన కురిసి మైదానం బురద మడుగైనా ఆట సాగింది, రెంటన్ 4-1 తేడాతో గెలిచింది. బ్రిటన్‌కూ ప్రపంచానికీ విజేతలమని ప్రకటించుకొని, తమ మైదానం టాంటైన్ పార్కులో ఆ బిరుదును రాయించి పెట్టుకున్నారు. ఐదు వేలమంది ఊరు ప్రపంచ విజేత కావడాన్ని గొప్పలు చెప్పుకోవడంగా కొట్టిపారేసిన రచయితలు లేకపోలేదు. కాని నియమబద్ధమైన ఫుట్‌బాల్ పోటీలు బ్రిటన్ దాటి ఇంకా వేళ్ళూనని ఆ కాలంలో, రెండు ప్రధాన కప్పుల విజేతల మధ్య పోరులో నెగ్గినవారు ఆ మాట అనడానికి అందరికన్నా ఎక్కువ అర్హులు. ఆట బ్రిటన్ దాటి ఎటు పోతున్నదో సూచించే మరో ఘటన కూడా అదే ఏడాది భారతదేశంలో జరిగింది. సిమ్లాలో 1888లో మొదలైన డ్యూరాండ్ కప్పు తొలి ఫైనల్లో రాయల్ స్కాట్స్ ఫ్యుజిలియర్స్, హైలాండ్ లైట్ ఇన్ఫంట్రీ అనే రెండు స్కాటిష్ సైనిక పటాలాలు ఎదురుపడగా మొదటిది నెగ్గింది. అదే కప్పును 1950లో సయ్యద్ అబ్దుల్ రహీం తీర్చిదిద్దిన హైదరాబాదు సిటీ పోలీసు జట్టు గెలుచుకుంది.

వెస్ట్ బ్రామిచ్‌పై విజయం తర్వాత తొమ్మిది రోజులకు, మే 28న, గ్లాస్గో తూర్పు ప్రాంతపు ఐరిష్ వలసజనం కోసం కొత్తగా ఏర్పడిన సెల్టిక్ క్లబ్బు తన మొట్టమొదటి ఆట ఆడి రేంజర్స్‌ను 5-2 తేడాతో ఓడించింది. ఆ క్లబ్బు చరిత్రలో తొలి గోలు కొట్టినవాడు రెంటన్ క్రీడాకారుడు నీల్ మకల్లమ్. ఆ ఆటలో పాల్గొన్న కెల్లీ కొద్దికాలంలోనే సెల్టిక్‌లో స్థిరపడి, ఆ జట్టు నాయకుడై, ఆ పిమ్మట దాని సంచాలకుడై, అధ్యక్షుడు కూడా అయ్యాడు. రెంటన్ పతనానికి ఒక తేదీని చెప్పవలసి వస్తే, క్లబ్బు ఓడిన ఏ ఆటనో చెప్పడం కన్నా ఈ మే 28ని చెప్పడమే సరైనది.

ఈ వలసల వెనుక ఉన్న నియమాలను కొంచెం వివరించాలి. ఆటకు ప్రతిఫలం తీసుకోనివాడిని ఔత్సాహికుడు అనీ, జీతానికి ఆడేవాడిని వృత్తి క్రీడాకారుడు అనీ వ్యవహరించారు. ఇంగ్లండ్ సంఘం 1885లో వృత్తి ఆటకు అనుమతి ఇవ్వగా, స్కాటిష్ సంఘం 1893 వరకు దానిని నేరంగానే పరిగణించింది. ఇందువల్ల ఆ ఎనిమిదేళ్ళలో స్కాటిష్ క్రీడాకారుడికి మూడు దారులు మిగిలాయి: ఊళ్ళోనే కర్మాగారపు కూలితో సరిపెట్టుకొని ఆడడం, సరిహద్దు దాటి ఇంగ్లండ్‌లో బహిరంగంగా జీతం తీసుకోవడం, లేదా స్కాట్లండ్‌లోనే ఏదైనా పెద్ద నగరపు క్లబ్బు చాటుగా ఇచ్చే డబ్బును, మద్యశాల వ్యాపారం వంటి ఆసరాను అందుకోవడం. రెంటన్ విజేతల్లో ఆండ్రూ హన్నా ఎవర్టన్‌కు వెళ్ళి 1891లో ఇంగ్లిష్ లీగు గెలిచిన జట్టుకు నాయకుడయ్యాడు. హారీ కాంప్‌బెల్ బ్లాక్‌బర్న్ రోవర్స్‌తో 1890లో ఇంగ్లండ్ కప్పు గెలిచాడు. కెల్సో కూడా ఇంగ్లండ్ క్లబ్బుల్లో పేరు తెచ్చుకున్నాడు. పేడనీళ్ళలో నూలు ముంచే పని మాని, తనకు బాగా వచ్చిన ఆటతోనే సంసారం గడుపుకోగల అవకాశం దొరికినవాడు దానిని అందుకోవడం ద్రోహం కాదు. ఆ క్రీడాకారులను నిందించిన ఆనాటి సంపన్న వర్గపు ఔత్సాహికవాదులకు జీతం అవసరం ఎన్నడూ కలగలేదన్న సంగతి మరువరాదు.

క్రీడాకారులు జారిపోతుండగా, రాబడికి ఒక స్థిరమైన ఆధారం కావాలని రెంటన్ నాయకులు గ్రహించారు. కప్పు పోటీలో తొలి దశలోనే ఓడితే ఆ ఏడాది ముఖ్యమైన ఆటలు అంతటితో సరి. మిగిలిన స్నేహపూర్వక ఆటలు ఎప్పుడు రద్దవుతాయో తెలియదు. 1888లో ఇంగ్లండ్‌లో మొదలైన లీగు, అంటే నిర్ణీత క్లబ్బులు ముందే ప్రకటించిన తేదీల్లో ఒకదానితో ఒకటి రెండేసి సార్లు ఆడి, గెలుపులకూ సమాన ఫలితాలకూ వచ్చే పాయింట్ల మొత్తం మీద విజేతను తేల్చే పద్ధతి, ఈ అనిశ్చితికి మందుగా కనిపించింది. రెంటన్ కార్యదర్శి పీటర్ ఫెయిర్లీ స్కాట్లండ్‌లోని ప్రముఖ క్లబ్బులకు లేఖలు రాయగా, 1890 మార్చి 20న గ్లాస్గోలోని హోల్టన్స్ హోటల్లో సమావేశం జరిగి, ఆ వేసవి దాటగానే పదకొండు క్లబ్బులతో స్కాటిష్ లీగు ప్రారంభమైంది. పదకొండింటిలో రెంటన్, వేల్ ఆఫ్ లెవెన్, డన్బార్టన్ మూడూ లెవెన్ లోయవే. క్వీన్స్ పార్క్ మాత్రం, ఈ ఏర్పాటు చివరకు వృత్తి ఆటకే దారి తీస్తుందనీ, చిన్న క్లబ్బులు దాని కింద నలిగిపోతాయనీ భావించి దూరంగా ఉండిపోయింది. క్వీన్స్ పార్క్ వాదనలో కులీన భావం ఎంత ఉన్నా, జోస్యం మాత్రం ఫలించింది.

తొలి లీగు మొదలైన కొద్ది వారాలకే రెంటన్ మీద పిడుగు పడింది. ఎడింబరోకు చెందిన సెయింట్ బెర్నార్డ్స్ క్లబ్బు ఒక క్రీడాకారుడికి చాటుగా డబ్బిచ్చిందన్న అభియోగంపై స్కాటిష్ సంఘం దానిని కొంతకాలం బహిష్కరించింది. ఆ బహిష్కరణను తప్పించుకోవడానికి సెయింట్ బెర్నార్డ్స్ సభ్యులు ఎడింబరో సెయింట్స్ అనే పేరుతో జట్టు కట్టగా, 1890 సెప్టెంబరులో రెంటన్ ఆ జట్టుతో ఒక స్నేహపూర్వక ఆట ఆడింది. పేరు మారినా మనుషులు వారేనని తేల్చిన సంఘం రెంటన్‌ను కూడా వృత్తి ఆటకు సహకరించిన నేరంపై వెలివేసింది. అప్పటికి రెంటన్ ఆడిన ఐదు లీగు ఆటల ఫలితాలను పట్టిక నుంచి కొట్టివేశారు. రెంటన్ న్యాయస్థానం మెట్లెక్కి పోరాడి, 1891లో లీగులోకి తిరిగి వచ్చింది గాని, పోయిన ఏడాది రాబడీ, ఆ ఏడాదిలో వెళ్ళిపోయిన క్రీడాకారులూ తిరిగి రాలేదు. ఆ వేటులో అన్యాయం స్పష్టంగానే ఉంది. చాటుగా డబ్బివ్వడం అప్పటికే ప్రముఖ క్లబ్బుల్లో చాలావాటిలో సాగుతున్న ఆనవాయితీ. మూడేళ్ళు తిరగకుండానే ఆ పనినే చట్టబద్ధం చేసిన సంఘం, దానితో సంబంధమున్న జట్టుతో ఒక్క ఆట ఆడినందుకు ఐదు వేలమంది ఊరి క్లబ్బుకు ఒక ఏడాది జీవితాన్ని లేకుండా చేసింది.

1893లో వృత్తి ఆటకు స్కాట్లండ్‌లో అనుమతి రావడంతో లెక్కలు బయటపడ్డాయి. క్రీడాకారుల జీతాలు టికెట్ల రాబడి నుంచి రావాలి, టికెట్లు కొనేవారు ఊళ్ళో ఉండాలి. 1891 నాటికి గ్లాస్గో జనాభా ఐదున్నర లక్షలు దాటింది. రెంటన్‌లో పసిపిల్లలతో సహా అందరూ మైదానానికి వచ్చినా గ్లాస్గోలో ఒక మోస్తరు ఆటకు వచ్చే జనంతో సమానం కారు. 1893-94లో రెంటన్ పద్దెనిమిది ఆటల్లో ఒక్కటే గెలిచి, అట్టడుగున నిలిచి, రెండో శ్రేణికి దిగిపోయింది. పొరుగు క్లబ్బు వేల్ ఆఫ్ లెవెన్ గతి అంతకు ముందే తేలిపోయింది. 1891-92లో ఆడిన ఇరవై రెండు ఆటల్లో ఒక్కటైనా గెలవలేక అది లీగు నుంచి తప్పుకుంది.

అయినా రెంటన్ ఒకసారి లేచి నిలబడింది. రెండో శ్రేణిలో ఉంటూనే 1895 స్కాటిష్ కప్పు ఫైనల్‌కు చేరి, 2-1 తేడాతో ఓడిపోయింది. నెగ్గిన క్లబ్బు, ఐదేళ్ళ కిందట ఏ క్లబ్బు కారణంగా రెంటన్ వెలిపాలైందో ఆ సెయింట్ బెర్నార్డ్సే. ఈ ఫైనల్‌ను చరిత్రకారులు రెండు మాటల్లో దాటవేస్తారు. నిజానికి 1888 విజయం కన్నా ఇది ఏ మాత్రం తక్కువది కాదు. ప్రపంచ విజేతల్లో చాలామంది వెళ్ళిపోయాక, జీతాలివ్వలేని స్థితిలో, అదే ఊరి నుంచి మరో తరం ఫైనల్ దాకా రాగలిగిందంటే, ఆ లోయలో ఆట తెలిసినవారికి కొరత ఎన్నడూ లేదని అర్థం. కొరత ఉన్నది వారిని నిలుపుకునే డబ్బుకు మాత్రమే. 1897-98లో నాలుగు ఆటలు ఆడేసరికి ఖర్చులు మోయలేక రెంటన్ లీగుకు రాజీనామా ఇచ్చింది, దాని స్థానంలోకి హామిల్టన్ అకడెమికల్ వచ్చింది. తర్వాత పాతికేళ్ళు చిన్న పోటీల్లో పేరు నిలుపుకుంటూ వచ్చి 1922లో క్లబ్బు రద్దయింది. టాంటైన్ పార్కు మైదానంలో ఇళ్ళు వెలిశాయి.

రెంటన్ లీగును వదిలిన కాలంలోనే లోయలోని అద్దకపు సంస్థలు విడివిడిగా మనలేక, 1898లో యునైటెడ్ టర్కీ రెడ్ కంపెనీగా కలిసిపోవడం గమనింపదగినది. జర్మన్ రంగుల పోటీకి బొంబాయి మిల్లుల పోటీ, ఆ తర్వాత స్వదేశీ ఉద్యమం తోడవడంతో ఆ పరిశ్రమ కూడా ఇరవయ్యో శతాబ్దంలో అంచెలంచెలుగా కుంగిపోయింది. అయితే పరిశ్రమ క్షీణించినందువల్లనే క్లబ్బు క్షీణించిందనడం కాలక్రమానికి సరిపోదు. రెంటన్ లీగు నుంచి తప్పుకునే నాటికి కర్మాగారాల్లో వేలమంది పనిచేస్తూనే ఉన్నారు, వారిలో అధిక భాగం తక్కువ కూలికి పనిచేసే స్త్రీలు, బాలికలు. ఊళ్ళో పని లేకపోవడం కన్నా, చేసిన పనికి వచ్చే కూలిలో టికెట్టుకు మిగిలేది స్వల్పం కావడమే క్లబ్బును ఎక్కువగా దెబ్బతీసింది.

1890లో రెంటన్ పిలుపుతో చేరిన పదకొండు క్లబ్బుల్లో సెల్టిక్, రేంజర్స్, హార్ట్స్, సెయింట్ మిరెన్, డన్బార్టన్ అనే ఐదే నేటికీ నిలిచి ఉన్నాయి. కౌలెయిర్స్ 1896లోనూ, కేంబస్లాంగ్ మరుసటి ఏడాదీ, అబెర్‌కార్న్ 1920లోనూ, రెంటన్ 1922లోనూ, మధ్యలో లీగుకు తిరిగివచ్చి మళ్ళీ పడిపోయిన వేల్ ఆఫ్ లెవెన్ 1929లోనూ, థర్డ్ లానార్క్ 1967లోనూ ముగిసిపోయాయి. వేల్ ఆఫ్ లెవెన్ పేరును మాత్రం 1939లో ఏర్పడిన మరో క్లబ్బు చేపట్టి, 1953లో స్కాటిష్ జూనియర్ కప్పు గెలిచింది. ఇక్కడ జూనియర్ అంటే వయసుకు సంబంధించినది కాదు, ప్రధాన లీగుకు వెలుపల చిన్న ఊళ్ళ క్లబ్బులు నడుపుకునే పోటీల శ్రేణికి అప్పట్లో అక్కడ ఉన్న పేరు. అలెగ్జాండ్రియాలోని మిల్‌బర్న్ పార్కులో ఆ క్లబ్బు ఆట సాగిస్తూ వచ్చింది.